హెచ్చరికయు అంతఃకరణమును

కామారెడ్డి గంజ్‌లో బెల్లపు మూట కొని, ముందరి సీటుపై నుంచుకొని, లింగంపేట మీదుగా ఎల్లారెడ్డికి బయలుదేరిన గృహస్థునకు క్రొత్త కారు ఒక విచిత్రమైన ఆదేశ మిచ్చును: ఆ మూటకును బెల్టు కట్టవలెనట. సీటుక్రింద బరువును పసిగట్టు యంత్రభాగమునకు మనుష్యుడును బెల్లమును ఒక్కటే. అద్వైతులు జన్మపర్యంతము సాధనచేసియు అందుకొనజాలని సమదృష్టి దానికి కర్మాగారముననే సిద్ధించినది. ఊరు దాటువఱకు ఎఱ్ఱని దీపము మిణుకుమిణుకుమనుచు, దానికి తోడుగ బీపు బీపుమని మోత సాగుచుండగా, ఆ గృహస్థుడు మొదట నవ్వి, పిదప విసిగి, తుదకు చేయి చాచి బెల్లమునకు బెల్టు తగిలించి ఊపిరి పీల్చుకొనును.

ఈ మోతను కారు చేసినవారి చాపల్యమని తలపరాదు. ముందరి ఇద్దఱకును బెల్టును జ్ఞాపకము చేయు గంట, వేగము గంటకు 80 కిలోమీటర్లు మించినప్పుడు హెచ్చరించి 120 దాటినచో ఎడతెగక మ్రోగు గంట, వెనుకకు నడుపునప్పుడు అడ్డమును తెలుపు సాధనము, ఇవి యన్నియు 2019 జూలై 1 నుండి మనదేశమున తయారగు కార్లకు శాసనముచే విధింపబడినవి. దీపముల వర్ణములకును ఒక క్రమము కలదు: ఎఱుపు వెలిగినచో వెంటనే ఆగవలెను, పసుపు వెలిగినచో త్వరలో మెకానిక్కునకు చూపవలెను, ఆకుపచ్చయు నీలమును కేవలము సమాచారమునకు. ఇంకొక విశేషమును చాలమంది గమనింపరు. తాళము త్రిప్పిన క్షణమున హెచ్చరిక దీపము లించుమించుగ నన్నియు ఒక్కసారి వెలిగి ఆరిపోవును. తాము బ్రతికియున్నామని అవి యిచ్చు సాక్ష్యమది. ఆ వేళ వెలుగని దీపమే భయపడదగినది, ఏలయన రేపు బ్రేకు ఆయిల్ తగ్గినను, ఇంజను ఆయిల్ ఒత్తిడి పడిపోయినను, అది పలుకదు. తప్పు చేయబూనునపుడు ఒక్కమాఱైనను కలుక్కుమనని మనస్సు తనకు గలదని పొంగిపోవువాడు, దానిలోని దీపము కాలిపోయెనేమో యని శంకించుట మేలు.

అయినను మన రోడ్లమీద జరుగుచున్న దేమి? బెల్టును వీపు వెనుకనుండి త్రిప్పి బకిల్‌లో తగిలించి, దానికి ఆనుకొని దర్జాగ కూర్చుండువారు కొందఱు; బెల్టు లేకుండ దాని లోహపు కొస మాత్రమే యున్న క్లిప్పును కొని, బకిల్‌లో దోపి, గంట నోరు మూయించువారు కొందఱు. ఈ క్లిప్పుల అమ్మకము ఎంత విరివియై యుండెనో 2023 మే నెలలో తెలియవచ్చినది: కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఐదు ఆన్‌లైను విక్రయ సంస్థలపై ఆజ్ఞలు వెలువరింపగా తొలగింపబడిన ప్రకటనలు 13,118. ప్రాణము కాచు పట్టీ కారుతోపాటు ఉచితముగ వచ్చియుండగా, దానిని కట్టుకొన్నట్లు యంత్రమును నమ్మించుటకై మనుష్యుడు ప్రత్యేకముగ ధనము వెచ్చించెను!

ఇది కేవలము రోడ్డు నియమములకు చెందిన విషయమైనచో నేనింత వ్రాయను. తూకములో మోసముచేసి హుండీలో కొంత వేయు వర్తకుడును, తమ్ముని వాటా మ్రింగి సత్యనారాయణ వ్రతము చేయించు పెద్దన్నయు చేయుచున్న పని యేమి? అపరాధము ఎక్కడిదక్కడనే యున్నది. దానినిగూర్చి లోపల మ్రోగు మోత మాత్రమే అణగినది. మనువు సైతము ప్రాయశ్చిత్త ప్రకరణమున పశ్చాత్తాపమును, మరల నిట్లు చేయననెడి నిశ్చయమును పాపవిమోచనమునకు ముఖ్యముగ జెప్పెను. ఈ రెండును లేని వ్రతము క్లిప్పు జాతిలోనిదే.

మఱి లోపల మ్రోగిన దెల్ల సత్యమేనా? ధర్మమునకు వేదము, స్మృతి, సదాచారము, ఆత్మతుష్టి యని నాలుగు లక్షణములు చెప్పిన ఆ మనువే ఆత్మతుష్టిని చివర నుంచినాడు. అట్లేల యుంచెనో కాళిదాసుని శాకుంతలము చదివినవారికి స్ఫురించును. రథమెక్కి లేడిని తఱుముచున్న దుష్యంతుడు, అది ఆశ్రమమృగమని తాపసులు వారించినంతనే బాణము నుపసంహరించెను. బయటి హెచ్చరికకు తలయొగ్గుట అతనికి కష్టము కాలేదు. అనంతరము శకుంతలను జూచి, తన మనస్సు ఆమెపై లగ్నమైనది గనుక ఆమె తనకు తగినదే యని, తన హృదయమునే సాక్షిగ నిలుపుకొనెను. కోరికకు అనుకూలముగ పలికినపుడు ఆ సాక్షి ఎంత వేగముగ నమ్మబడినదో చూడుడు. పిదప ఐదవ అంకమున, శాపవశమున ఆమెను మఱచియున్నవేళ, హంసపదిక పాట చెవినిబడి, కారణము తెలియని బెంగ అతనిని క్రమ్ముకొనెను. దీపము వెలిగినది! అతడు దానిని పూర్వజన్మ స్నేహముల స్మృతి యని సరిపెట్టుకొనెను. కొంతసేపటికే గర్భవతియైన భార్య ఎదుట నిలువగా కాదనెను. మఱపునకు శాపము కారణ మందురు, నిజమే. కాని ఆ బెంగకు అంత సుందరమైన సమాధానము చెప్పుకొన్నవాడు అతడే. తత్త్వవిచారము కూడ ఒక్కొకప్పుడు క్లిప్పుగ పనిచేయునని నాకు ఆ అంకము చదివినప్పుడెల్ల తోచును.

హెచ్చరికలన్నియు సమానమని నే ననను. కోతల కాలమున ఎల్లారెడ్డి త్రోవలో సగము మేర వడ్లు ఆరబోసియుండగా, ఎదుట మేకల మంద వచ్చుచుండగా, నలువైపుల సెన్సార్లు ఒక్కుమ్మడి కూయు కారులో కూర్చున్నవాడు విసుగుకొన్నచో అది అధర్మము కాదు. ఊరక మ్రోగు గంట అసలు గంటకు విలువ లేకుండ జేయును. ఈ దోషము తయారుచేయువారు దిద్దవలసినదే. అయినను కఠోపనిషత్తు శరీరమును రథముగను, ఇంద్రియములను గుఱ్ఱములుగను, మనస్సును పగ్గములుగను వర్ణించి, సారథి స్థానమున బుద్ధిని కూర్చుండబెట్టినది. ఏ గుఱ్ఱము దేనికి బెదరినదో తెలిసికొను భారము ఆ సారథిదే.

క్రొత్త కారునకు పూజ చేయించి, చక్రముల క్రింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టు పాఠకులకు నా విన్నపమొకటి. ఆ దినముననే కారుతో నిచ్చిన పుస్తకమును తెఱచి, ఏ దీపము దేనికి వెలుగునో ఇంటిల్లిపాదియు చదువుకొనుడు. క్లిప్పు ఉన్నచో తీసి పారవేయుడు. ముందఱి వారే కాక వెనుక కూర్చున్నవారును బెల్టు కట్టుకొనుడు. కట్టనివారికి మోటారు వాహనముల చట్టము 194బి విభాగమున విధించిన జరిమానా 1,000 రూపాయలు.