పదమూడో నిబంధన పోయాక

2014లో హైదరాబాద్ మొజంజాహీ మార్కెట్ వెనక సందులో పాత ఇల్లు కొన్నప్పుడు మా బావమరిది ఒక్క మాటే అడిగాడు: "డబ్బు మీది, పెత్తనం సర్కారుదా బావా?"

ఇల్లు వారసత్వ కట్టడాల జాబితాలో ఉంది. 1981 నాటి నగరాభివృద్ధి సంస్థ (హుడా) జోనింగ్ నిబంధనల్లో పదమూడోది అలాంటి ఇళ్లకు కాపలా. కిటికీ వెడల్పు చేయాలన్నా అనుమతి కావాలి. నేనూ గొణుక్కుంటూనే పాటించాను. తీరా 2015 చివర్లో ఆ నిబంధనే రద్దయింది. వారసత్వ చట్టం వచ్చింది 2017లో. ఇంటికన్నా ముందు దాన్ని కాపాడే కాగితం కూలిపోయిందన్నమాట. బావమరిది వెంటనే ఫోన్ చేశాడు: "ఇంకేం, పడగొట్టి ఐదంతస్తులు లేపెయ్యండి."

పడగొట్టాలనిపించలేదు. ఎందుకో నాకే తెలియలేదు. అన్నాళ్లూ జరిమానాకు జడిసి ఆగానో, ఇంటిమీది ఇష్టంతో ఆగానో తేల్చుకోవాల్సి వచ్చింది. భయంతో చేసిన మంచిపని ఎవరి ఖాతాలో పడుతుంది?

ఈలోగా వెనక గోడ పెచ్చులూడింది. మేస్త్రీ వేలితో కొట్టి చూశాడు. "సున్నపు గోడ మీద సిమెంటేసిండ్రు సార్. లోపలి తడి ఎటు బోవాలె? గోడకు ఊపిరాడ్తలేదు." సిమెంటంతా చెక్కేసి డంగు సున్నం మొదలుపెట్టాడు. తొట్టిలో వారాల తరబడి నానిన సున్నం, ఇసుక, బెల్లం, కరక్కాయ నీళ్లు. ఇల్లంతా పులిసిన వాసన, బెల్లానికి చీమల బారు. "ఇల్లు బాగుచేయిస్తున్నారా, పానకం కాయిస్తున్నారా?" అంది మా ఆవిడ. పని అయ్యాక మేస్త్రీ అన్నాడు: "ఇది మల్ల ఊడ్తది సార్. మల్ల ఏస్కోవాలె." అలాంటి గ్యారంటీ ఇచ్చిన మనిషిని అంతకుముందు చూడలేదు.

తర్వాత పైకప్పు. టేకు దూలాలు గోడలోకి దూరిన చోట చెద పట్టింది. మూడు మార్చాం. మూడు మారిస్తే అదే ఇల్లు, పదిహేను మారిస్తే? మిళింద రాజుతో బౌద్ధ భిక్షువు నాగసేనుడు చక్రం రథం కాదు, ఇరుసు రథం కాదు, రథమన్నది వాడుకలో పేరే అన్నాడట. తెలివైన జవాబే గానీ, కూలి లెక్కపెట్టి ఇచ్చేవాడికి చాలదు.

నాకు యాదాద్రిలో కొంత జవాబు దొరికింది. జీర్ణోద్ధరణప్పుడు దేవుడి కళను కలశంలోకి ఆవాహన చేసి బాలాలయమనే తాత్కాలిక గుడిలో ఉంచుతారు. అక్కడ 2016 నుంచి 2022 మార్చి 28 దాకా దర్శనాలు బాలాలయంలోనే. నేనూ ఆ వరుసలో నిలబడ్డాను. ఇక్కడ స్వామి లేడని వెనకనుంచి ఎవరూ అనలేదు. గుడి గోడల సంగతి ఎలా ఉన్నా, నిత్యపూజ ఒక్కరోజు తప్పకూడదన్నదే అక్కడి పట్టుదల.

మార్కెట్ సంగతి తిరగేసి ఉంది. నిజాం రెండో కొడుకు మొజం జా పేరుతో 1935లో కట్టిన ఆ రాయి అలాగే ఉంది, పళ్ల బేరం కొత్తపేటకు తరలిపోయింది. బాగుచేసి 2020 ఆగస్టు 14న మళ్లీ తెరిచాక దీపాల వెలుగులో ఫొటోలు దిగేవాళ్లే ఎక్కువ. నా కంటికి మాత్రం ఆ కట్టడం బతికున్నది గడియారం కింద కాదు, ఐస్‌క్రీం కోసం కుర్చీలు లాక్కునే చోట.

మా ఇంటికి కలశం లేదు. ఏటా ఎండలు ముదరకముందే సున్నం నానబెట్టడమొక్కటే ఉంది. అది మేస్త్రీకి వాళ్ల నాన్న నేర్పాడట. ఇప్పుడు తొట్టిలో కర్ర తిప్పడం నా వంతు.

మొన్న సంక్రాంతికి బావమరిది వచ్చి వసారాలో గోడకు జారగిలబడి ఐదంతస్తుల లెక్క మళ్లీ చెప్పాడు. లేచేసరికి నల్లచొక్కా వీపంతా తెల్లగా ఉంది. వాళ్ల అక్క ఎంత దులిపినా పూర్తిగా పోలేదు.