డెబ్బది సంవత్సరముల వాగ్దానము

వాక్యభాగము: యిర్మీయా గ్రంథము 29వ అధ్యాయము, 1 నుండి 14 వచనములు



డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో మనము వాగ్దాన కార్డులు తీసికొనుట అందరూ ఎరిగినదే. పళ్లెములో బోర్లించిన కార్డులలో ఒకదానిని ఇంటి పెద్ద తీయును, ఇంటిల్లిపాది వంగి చూతురు. యిర్మీయా 29:11 వచ్చిన కుటుంబము వారి ముఖములు వెలుగును. దేవుడు మన మేలునే తలంచుచున్నాడనియు, మన ముందు దినములకు ఆశ కలదనియు ఆ వచనపు సారము. ఆ కార్డు బీరువా తలుపుమీదికో, కుట్టుమిషను మీదికో, ఆటో అద్దముమీదికో ఎక్కి సంవత్సరమంతయు అక్కడనే యుండును. ఈ అలవాటును తప్పు పట్టుట మా ఉద్దేశము కాదు. (మంచి వచనము రాలేదని రెండవ కార్డు తీయువారిని చూచి మాత్రము నవ్వుకొనుచుందుము.)

అయితే ఉపాధ్యాయ శిక్షణలో మాకు నేర్పిన పాఠమొకటి కలదు. ఒక వాక్యమును బోధించునపుడు దాని ముందున్నదియు వెనుకనున్నదియు విడిచి బోధింపరాదు. పదకొండవ వచనమునకు ముందు పది వచనములున్నవి. వాటిని ఏ కార్డుమీదను మనము చూడలేదు.

ఆ అధ్యాయము ఒక ఉత్తరము. క్రీ.పూ. 597లో నెబుకద్రెజరు యెకొన్యా రాజును, రాజమాతను, అధికారులను, చేతిపనివారిని బబులోనుకు కొనిపోయెను. అట్లు పోయినవారికి యిర్మీయా యెరూషలేమునుండి వ్రాసి పంపినదే యిది. స్వగ్రామము విడిచి వేరొక భాషవారి మధ్య కాపురము పెట్టినవారికి వచ్చిన ఉత్తరము గనుక మనము మరి శ్రద్ధగా చదువవలెను. వారిని చెరపట్టి తీసికొనిపోయిరి, మన పెద్దలు బ్రదుకుతెరువు వెదకికొని వచ్చిరి. ఆ భేదమును మరువకూడదు.

ఆ దినములలోనే హనన్యా అను ప్రవక్త మరియొక వాగ్దానము చెప్పుచుండెను. రెండు సంవత్సరములలోనే రాజు తిరిగివచ్చును, దేవాలయపు ఉపకరణములు తిరిగివచ్చును, చెరపోయినవారందరు తిరిగివత్తురు అని అతని ప్రకటన. యిర్మీయా మెడమీది కాడిని తీసి అందరి యెదుట విరిచెను. వినుటకు ఎంత ఇంపైన ప్రసంగమో చూడుడి! యిర్మీయా సహితము మొదట ఆమేన్ అనియే పలికెను, ఆలాగు జరిగిన బాగుండునని అతనికిని ఆశయే. కాని దేవుడు అతనికిచ్చిన లెక్క రెండు కాదు, డెబ్బది.

ఈ లెక్క బడిపిల్లవాడైనను చేయగలడు. ఉత్తరము చేరినప్పుడు నలువది యేండ్లున్న మనుష్యునికి డెబ్బది కలిపిన నూటపది. అనగా అతడు తిరిగి యెరూషలేము చూడడు. అతని కుమారుడు చూచుటయు సందేహమే. మనము ఆటో అద్దముమీద అంటించుకొన్న వచనమును మొదట విన్నవారిలో అనేకులు దాని నెరవేర్పును కన్నులార చూడకయే సమాధి చేయబడిరి. మరి వారికి ఆ వాగ్దానమువలన కలిగినదేమి? అయిదు, ఆరు, ఏడు వచనములలో జవాబున్నది. ఇండ్లు కట్టుకొనవలెను, తోటలు నాటి ఫలములు తినవలెను, పెండ్లిండ్లు చేసికొని పిల్లలను కనవలెను, తాము చేరిన పట్టణపు క్షేమమును కోరి దానికొరకు ప్రార్థింపవలెను. డెబ్బది యేండ్లు నిండువరకు ఆశీర్వాదము ఆగియుండలేదు, నాటిన మొదటి మొక్కతోనే ఆరంభమాయెను.

ఈ దేశపు తెలుగువారి సంగతి తలంచుడి. 1529లో విశ్వనాథ నాయకుడు మదురైలో ఏలుబడి స్థాపించిన కాలమునకే మనవారు ఇటు వచ్చిరి. నల్లరేగడిలో పత్తి పండించినవారు, మగ్గముతో వచ్చినవారు, పట్టణ వీధులు ఊడ్చి శుభ్రపరచినవారు, అందరును మనవారే. 1888లో కోయంబత్తూరులో మొదటి నూలుమిల్లు, 1930లలో పైకారా విద్యుత్తు వచ్చిన తరువాత మిల్లులు పెరుగగా మరి అనేకులు చేరిరి. నెల్లూరు, ఒంగోలు, గుంటూరు ప్రాంతములనుండి ఉద్యోగములకు వచ్చినవారు చివరివారు. వీరిలో కొందరు ‘రెండేండ్లలో పోవుదుము’ అనుచు స్థలము కొనక, చెట్టు నాటక, ఇరుగుపొరుగువారి పేర్లైనను తెలిసికొనక ఇరువది యేండ్లు అద్దె ఇంటనే గడిపిరి. హనన్యా మాట వినుట అనగా ఇదియే.

పట్టణపు క్షేమములోనే మన క్షేమమున్నదను మాట కోయంబత్తూరు వారికి విడమరచి చెప్పనక్కరలేదు. 1998 ఫిబ్రవరి 14న వరుసగా బాంబులు పేలి 58 మంది మరణించినప్పుడు తమిళుడని, మలయాళీ అని, తెలుగువాడని భేదము లేక ప్రతి ఇంటి తలుపు మూయబడెను. తన పట్టణమునకొరకు ప్రార్థింపని సంఘము తనకొరకు చేసికొను ప్రార్థనయు సగమే.

మన బాప్టిస్టు పితరులు దీర్ఘకాలపు వాగ్దానమును నమ్మినవారే. శామ్యూల్ డే 1840లో నెల్లూరులో పని ఆరంభించెను. ఫలము కానరాక 1853లో అమెరికాలోని పెద్దలు ఈ మిషనును మూసివేయుదమా అని ఆలోచించిరి. 1854 జనవరి 1 తెల్లవారుజామున జూయెట్ దంపతులును కొద్దిమంది తెలుగు విశ్వాసులును ఒంగోలు కొండయెక్కి ప్రార్థించిరి. ఒంగోలులో సంఘము ఏర్పడినది 1867 జనవరి 1న, అదియు ఎనిమిదిమందితో. ప్రార్థనకు సంఘమునకు నడుమ 13 సంవత్సరములు.

ఆ తరువాత 1876–78 కరవు వచ్చెను. క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకపు పని ఒప్పుకొని ఆకలిగొన్నవారికి కూలి ఇప్పించెను. బాప్తిస్మము కోరి వేలమంది వచ్చినను కరవు పని సాగినంతకాలము ఆయన ఇయ్యలేదు. కూటికొరకు క్రీస్తును చేర్చుకొనిరను మాట రాకూడదని ఆయన పట్టుదల. కరవు పని ముగిసిన తరువాత 1878 జూలై 3న వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఈ సంఖ్యను మనము గర్వముగా చెప్పుకొందుము, అంతకుముందు ఆయన కాచుకొనిన నెలలను చెప్పుకొనము. మా దృష్టికి ఆ నెలలే గొప్పవి. ఆశీర్వాదమును ఎరగా వాడనందున ఆ వేలమంది నిజముగా సంఘమైరి. ఆ ప్రజల సంఘములే 1903లో జాన్ రంగయ్యగారిని దక్షిణాఫ్రికాలోని నేటాలుకు, చెరకు తోటలలో పనిచేయు తెలుగువారియొద్దకు పంపగలిగినవి.

నేడు ఆశీర్వాదమును ఎరగా వాడు బోధ మన వీధులలోను, టి.వి.లోను వినబడుచున్నది. ఇంత కానుక పంపిన అంతకు నూరంతలు వచ్చునందురు. రానప్పుడు తప్పు కానుక ఇచ్చినవాని విశ్వాసముపై వేయుదురు. బిడ్డను పోగొట్టుకొన్న ఒక తల్లితో ‘నీ విశ్వాసము చాలలేదమ్మా’ అని చెప్పిన బోధకుని మాట మేము చెవులార వింటిమి. ఆ తల్లి ఆరు మాసములు ఆరాధనకు రాలేదు. సహోదరులారా, పౌలు తన శరీరములోని ముల్లు తొలగవలెనని ముమ్మారు వేడుకొనెను, అది తొలగలేదు. పౌలు విశ్వాసము చాలలేదని ఎవడు చెప్పగలడు? అబ్రాహాముకు దేశమంతయు వాగ్దానము చేయబడెను. అతడు వెలయిచ్చి కొన్నది భార్యను పాతిపెట్టుటకు మక్పేలా గుహ, దాని పొలము మాత్రమే, అదియు 400 తులముల వెండికి. దూరమునుండి చూచి వందనము చేసి మృతిపొందిన ఇట్టివారినే హెబ్రీ పత్రిక 11వ అధ్యాయము విశ్వాసులని పిలుచుచున్నది. దేవుని వాగ్దానములన్నియు క్రీస్తునందు అవును అన్నట్లుగానే యున్నవని పౌలు కొరింథీయులకు వ్రాసెను. దాని అర్థము మనము కోరిన తేదీకి, కోరిన రూపములో అని కాదు. మనకొరకు కుమారునినే ఇచ్చినవాడు మాట తప్పడని అర్థము. ఆ తల్లియొద్దకు మన స్త్రీల సమాజము వారు వెళ్లి, ఏమియు బోధింపక, ఆమెతో కూర్చుండి వంటచేసి పెట్టి వచ్చిరి. ఏడవ మాసమున ఆమె తానే వచ్చి వెనుక వరుసలో కూర్చుండెను.

మన పెద్దలకు మరియొక దిగులు కలదు. పిల్లలు ఇంట తెలుగు మాటలాడుదురు (మన తెలుగు విని ఒంగోలు వారు నవ్వుదురు, నవ్వనిండి!), కాని అక్షరములు రావు. 2006 చట్టము వలన బడిలో తమిళము తప్పనిసరి ఆయెను, తెలుగు బైబిలు అలమారలో మిగిలెను. వాగ్దానము మీకును మీ పిల్లలకును అని పేతురు చెప్పిన దినమున ప్రతివాడును తన తన భాషలోనే వినెను గదా. కనుక పిల్లవానికి తమిళములో బాగుగా తెలియునెడల వచనమును తమిళములోను చదువనిండి. శనివారము ఒక గంట అ, ఆలు మనమే దిద్దించుదము. అక్షరములు నేర్పగల విశ్రాంత ఉపాధ్యాయులు ప్రతి సంఘములోను ఇద్దరు ముగ్గురుందురు.

యౌవనమున చెరపోయిన దానియేలు ముసలితనమున యిర్మీయా వ్రాసిన డెబ్బది సంవత్సరముల లెక్కను చదివి తెలిసికొనెనని అతని గ్రంథము 9వ అధ్యాయములో ఉన్నది. గడువు దగ్గరపడినదని అతడు ఊరకుండలేదు, గోనెపట్ట కట్టుకొని ప్రార్థించెను. తాను మరల యెరూషలేము చేరినట్లు ఎక్కడను వ్రాయబడలేదు.

ఈ డిసెంబరున కార్డులు అచ్చువేయించు యౌవనస్థులకు మా మనవి. 29:11 కార్డు వెనుక అయిదు, ఆరు, ఏడు వచనములును అచ్చువేయుడి, చోటు చాలును. ఆ రాత్రి ప్రార్థనలో ప్రతి కుటుంబము తన వీధి పేరును, ఎదురింటివారి పేరును చెప్పి ప్రార్థించునట్లు సంఘ పెద్దలు ఏర్పాటు చేయవలెను.