తాళపుచెవి ఎవరిది?



జైలు ఉద్యోగి చేతిలో తాళపుచెవి ఉంటుంది. ఆ తాళపుచెవితో అతడు ఒక ఖైదీని తప్పించి పంపివేస్తే చట్టం అతనిని ఏమి చేస్తుంది? అంతకన్న కష్టమైన ప్రశ్న ఇంకొకటి ఉంది. దేవుని యెదుట ఆ పని ఎటువంటిది? దయా, ద్రోహమా? చెరసాల తలుపులు తెరుచుకున్న సంగతులు మన బైబిలులో ఎన్నో ఉన్నాయి గనుక విశ్వాసులమైన మనకు ఈ ప్రశ్న తేలికగా తేలదు. పేతురు సంకెళ్ళు ఊడిపడినప్పుడు దేవుని స్తుతించే మనము, ఒక వార్డరు ఖైదీని విడిచిపెడితే తప్పు అని ఎందుకు అంటాము?

వెంగల్‌లో ఉన్న మనకు జైలు దూరపు మాట కాదు. రెడ్‌హిల్స్ దాటి మద్రాసు వైపు వెళ్ళేవారు పుళల్ మీదుగానే పోవాలి. 2006లో పాత మద్రాసు సెంట్రల్ జైలును మూసి ఖైదీలను పుళల్‌కు మార్చారు. ఆ పాత కట్టడాన్ని 2009లో పడగొట్టారు. ఆ పాత జైలు గోడల మధ్య జరిగిన ఒక సంగతి నా వయసువారికి బాగా జ్ఞాపకమే. ఆటో శంకర్ అని పేరుపడిన గౌరీశంకర్ హత్యానేరాల మీద విచారణలో ఉండగా, 1990లో తన అనుచరులతో కూడ ఆ జైలు నుండి తప్పించుకున్నాడు. తరువాత ఒరిస్సాలోని రూర్కెలాలో పట్టుబడ్డాడు. ఆరు హత్యల కేసులో మరణశిక్ష పడి, 1995లో సేలం జైలులో ఉరితీయబడ్డాడు. అతడు జైలు దాటిపోవడానికి తోడ్పడినవారు బయటి మనుషులు కారు, ఆ జైలు వార్డర్లే. వారి మీద కేసు నడిచింది, న్యాయస్థానం వారిని దోషులని తేల్చింది.

ఇటువంటి ఉద్యోగిని గురించి చట్టం ఏమి చెబుతుందో ముందు చూద్దాము. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో 221, 222, 223 సెక్షన్లు ఈ నేరానికి సంబంధించినవి. 2024 జూలై 1 నుండి దాని స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. అందులో ఇవే 259, 260, 261 సెక్షన్లు అయినవి. నెంబర్లు మారాయి గాని న్యాయసూత్రం మారలేదు.

చట్టం ఇక్కడ రెండు విషయాలు అడుగుతుంది. మొదటిది, ఉద్యోగి మనస్సు. కావాలని వదిలాడా, లేక అజాగ్రత్తగా ఉన్నాడా? రెండవది, వదిలిన ఖైదీ ఎటువంటివాడు? విచారణలో ఉన్నవాడా, శిక్ష పడినవాడా? అతని నేరం ఎంత పెద్దది? మరణశిక్ష పడగల నేరం మీద విచారణలో ఉన్నవానిని కావాలని తప్పిస్తే ఏడేండ్ల వరకు జైలు. యావజ్జీవం గాని పదేండ్ల వరకు గాని శిక్ష పడగల నేరమైతే మూడేండ్ల వరకు. అంతకంటే చిన్నదైతే రెండేండ్ల వరకు. శిక్ష పడినవానిని వదిలితే దండన ఇంకా పెరుగుతుంది. మరణశిక్ష పడినవానిని వదిలిన ఉద్యోగికి యావజ్జీవ ఖైదు గాని పదునాలుగేండ్ల వరకు జైలు గాని వేయవచ్చును. యావజ్జీవ ఖైదీని, లేక పదేండ్లు అంతకు మించి శిక్ష పడినవానిని వదిలితే ఏడేండ్ల వరకు. తక్కువ శిక్ష ఉన్నవానిని వదిలితే మూడేండ్ల వరకు.

కేవలం అజాగ్రత్త అయితే రెండేండ్ల వరకు సాధారణ ఖైదు, లేక జరిమానా, లేక రెండును. లంచం పుచ్చుకొని వదిలినట్లయితే 1988 నాటి అవినీతి నిరోధక చట్టం కూడ వచ్చి పడుతుంది. 2018 సవరణ తరువాత దాని క్రింద మూడు నుండి ఏడేండ్ల జైలు ఉంది. ఇక ఉద్యోగం సంగతి. రాజ్యాంగం 311వ అధికరణం ప్రకారం ప్రభుత్వోద్యోగిని విచారణ జరపకుండా తొలగించకూడదు. అయితే క్రిమినల్ కేసులో దోషిగా తేలినవానిని ఆ నేరం మీదనే తొలగించడానికి వేరే విచారణ అక్కరలేదు. ఇరవై ఏండ్ల ఉద్యోగం ఒక్క రాత్రితో పోతుంది.

ఈ శిక్షలు చూచి ఇది మనుష్యులు కల్పించిన కాఠిన్యం అనుకొనవద్దు. మొదటి రాజుల గ్రంథము 20వ అధ్యాయములో ఒక ప్రవక్త అహాబు రాజుతో యుద్ధరంగపు కథ ఒకటి చెప్పాడు. ఒకనికి ఒక బందీని అప్పగించి, వాడు తప్పిపోతే వాని ప్రాణానికి బదులు నీ ప్రాణము, లేనియెడల ఒక తలాంతు వెండి అన్నారు. కావలివాడు అటూ ఇటూ పనులలో ఉండగా బందీ మాయమయ్యాడు. రోమా పాలనలో కూడ కావలివారు ప్రాణాలతో జవాబు చెప్పవలసిన స్థితి ఉండేది. అందుకే ఫిలిప్పీ చెరసాల నాయకుడు తలుపులు తెరచి ఉండుట చూచి కత్తి దూశాడు. అందుకే పౌలు ప్రయాణించిన ఓడ బద్దలైనప్పుడు సైనికులు ఖైదీలను చంపివేయ చూశారు.

అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయములో మనం త్వరగా చదివి దాటిపోయే వచనం ఒకటి ఉంది. పేతురు వెళ్ళిపోయిన మరునాడు హేరోదు కావలివారిని విమర్శించి వారిని చంప నాజ్ఞాపించాడు. ఆ కావలివారు పేతురును అమ్ముకోలేదు, వదలలేదు. దేవదూత చేసిన పనికి వారు బలి అయ్యారు. తప్పు చేయనివానిని కూడ దండించిన ఆ తీర్పు హేరోదు అన్యాయమే గాని దేవుని న్యాయము కాదు. ఈ దృష్టితో చూస్తే మన చట్టం మెరుగైనది. కావాలని చేసినవానిని, ఏమరుపాటున ఉన్నవానిని, ఏ తప్పూ లేనివానిని అది వేరువేరుగా చూస్తుంది. మనము కూడ అట్లే చూడవలెను. జైలు నుండి ఎవరైనా పారిపోయారని వార్త రాగానే అక్కడి ఉద్యోగులందరినీ దొంగలనడం విశ్వాసికి తగదు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాము. డబ్బు కోసం తలుపు తెరచినవాని గురించి వాదము లేదు. దయతో తెరచినవాని సంగతి ఏమిటి?

ఉపాధ్యాయ శిక్షణ పొందినవాడను గనుక బడి నుండి ఒక పోలిక చెబుతాను. పరీక్ష గదిలో ఒక పేద పిల్లవాడు జవాబు రాక ఏడుస్తున్నాడు. పర్యవేక్షణ చేసే మాస్టరు జాలిపడి జవాబులు చెప్పాడు. చూడడానికి అది దయ. అయితే ఆ మార్కులు మాస్టరు సొత్తా? ప్రక్క బల్ల మీద రాత్రంతా చదివి వచ్చిన ఇంకొక పేద పిల్లవాడు ఉన్నాడు. మాస్టరు పంచిపెట్టినది వాని న్యాయాన్ని. మన జేబులోనిది ఇస్తే దానము. మనకు అప్పగించినది ఇస్తే దానికి వేరే పేరు ఉంది.

జైలు తాళపుచెవి కూడ అటువంటిదే. అది వార్డరుది కాదు, సూపరింటెండెంటుదీ కాదు. చంపబడినవాని తల్లిది, సాక్ష్యం చెప్పి భయపడుతూ నిద్రపోయే మనిషిది, తీర్పు చెప్పిన న్యాయస్థానానిది, ఊరందరిది. వారందరి తరపున అది అతని నడుమున వ్రేలాడుతున్నది. వారిని అడగకుండ అతడు చూపే దయకు వెల వారు చెల్లించాలి. అతని తోటి ఉద్యోగులూ చెల్లించాలి. ఆ రాత్రి అదే డ్యూటీలో ఉన్న అమాయకుడు కూడ సస్పెండ్ అవుతాడు, వాని పిల్లల ఫీజు ఆగుతుంది. తక్కిన ఖైదీలకు కట్టుబాట్లు బిగుస్తాయి. ఒకనికి చూపిన దయ వందమందికి కాఠిన్యమవుతుంది.

ఇక్కడ ఎవరైనా నన్ను ఆపి అడగవచ్చును: అయ్యా, చట్టమే అన్యాయమైనదైతే? ఇది న్యాయమైన ప్రశ్న. ఐగుప్తులో మంత్రసానులు ఫరో మాట వినలేదు, దేవుడు వారికి మేలు చేశాడు. ఓబద్యా అహాబు ఇంటి అధికారిగా ఉంటూనే నూరుమంది ప్రవక్తలను గుహలలో దాచి పోషించాడు. అమెరికాలో 1850లో పారిపోయిన బానిసల చట్టం వచ్చింది. పట్టుకున్న బానిస తప్పించుకొనిపోతే ఆ మార్షల్ అనే అధికారి బానిస పూర్తి వెలను చెల్లించాలని అందులో వ్రాశారు. ఒక మనిషిని పశువువలె యజమానికి తిరిగి అప్పగించే ఆ పనిలో నమ్మకముగా ఉండుట దేవుని యెదుట నీతి అని నేను చెప్పలేను.

అయితే అటువంటి సమయములో మనలను మనము మూడు ప్రశ్నలు అడుగుకొనవలెను. ఇందులో నాకు ఏమైనా లాభం ఉన్నదా? న్యాయమైన తలుపులన్నీ నిజముగా మూసుకొనిపోయినవా? నేను చేసినది వెలుగులో ఒప్పుకొని దాని ఫలితము భరించడానికి సిద్ధమా? అపొస్తలులు మనుష్యులకంటె దేవునికే లోబడవలెనని సభ యెదుట నిలిచి చెప్పారు, తరువాత దెబ్బలు తిన్నారు. చీకటిలో తలుపు తీసి, తెల్లవారి సంతకం పెట్టి జీతం తీసుకొనేవాడు ఆ వరుసలో నిలువలేడు. మనస్సాక్షి ఒప్పుకొనని ఉద్యోగమైతే దానిని వదలుకొనే దారి ఎప్పుడూ ఉంది. మన దేశములో నేటి జైళ్ళ సంగతి తీసుకుంటే అప్పీలు ఉంది, జామీను ఉంది, క్షమాభిక్ష ఉంది. ఈ తలుపులు బరువైనవే గాని మూసుకొనిపోలేదు.

బాప్టిస్టులమైన మనకు జాన్ బన్యన్ పేరు క్రొత్త కాదు. ప్రసంగించడం మానుతానని మాట ఇవ్వనందుకు 1660 నుండి 1672 వరకు ఆయన బెడ్‌ఫర్డ్ చెరసాలలో గడిపాడు. ఆయన స్వయముగా వ్రాసిపెట్టిన సంగతి ఒకటి ఉంది. జైలరు ఆయనను నమ్మి కొంత స్వేచ్ఛ ఇచ్చాడు. బన్యన్ బయటికి వెళ్ళి విశ్వాసులను కలుసుకున్నాడు, లండన్ కూడ వెళ్ళి వచ్చాడు. శత్రువులకు అది తెలిసి ఆ జైలరును ఉద్యోగము నుండి తీసివేయించేంత పని చేశారు, కేసు పెడతామన్నారు. ఆ స్వేచ్ఛ అంతటితో తగ్గిపోయింది. బన్యన్ పారిపోదలచితే పారిపోగలిగేవాడే. అన్యాయముగా బంధింపబడినవాడే. అయినను తిరిగి వచ్చాడు. ఫిలిప్పీలో పౌలు సీలలు కూడ తలుపులు తెరుచుకున్నా లోపలనే ఉన్నారు. వారు ఉండిపోయినందువలన ఒక జైలరు ప్రాణమూ, అతని ఇంటివారి రక్షణా దక్కినవి. తన విడుదలకంటె కావలివాని ప్రాణము విలువైనదని ఖైదీ తలంచిన చోటు అది.

అట్లయితే జైలు ఉద్యోగి చేతిలో దయకు చోటే లేదా? ఉంది. యిర్మీయా బురద గోతిలో ఉన్నప్పుడు ఎబెద్మెలెకు దొంగతనముగా రాలేదు. రాజు నొద్దకు వెళ్ళి ఇది అన్యాయమని చెప్పాడు, అనుమతి పొందాడు, ముప్పదిమందిని వెంటబెట్టుకొని వచ్చాడు, త్రాళ్ళు ఒరుసుకోకుండ చంకల క్రింద పాత బట్టలు పెట్టించి పైకి తీశాడు. అయినను యిర్మీయా బందీగృహశాలలోనే ఉన్నాడు. ఖైదీ తప్పించుకొనలేదు గాని బ్రతికాడు.

ఎబెద్మెలెకు చేసిన పనికి మన చట్టములోనే ఈనాడు చోటు ఉంది. 2022 లెక్కల ప్రకారం మన దేశపు జైళ్ళలో 5,73,220 మంది ఉండగా, వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. అంటే నూటికి డెబ్బయి అయిదుగురికి పైగా ఇంకా తీర్పు కానివారు. భారతీయ నాగరిక సురక్షా సంహిత 479వ సెక్షన్ ప్రకారం, ఆ నేరానికి ఉన్న గరిష్ఠ శిక్షలో సగం కాలము విచారణ ఖైదీగా గడిపినవానిని జామీను మీద విడువవలెను. ఇంతకుముందు ఏ నేరములోను దోషిగా తేలనివానికి మూడవ వంతు చాలును. మరణశిక్ష, యావజ్జీవము పడగల నేరాలకూ, ఒకటికి మించి కేసులున్నవారికీ ఇది వర్తించదు. న్యాయస్థానము కారణాలు వ్రాసి ఇంకా ఉంచనూవచ్చును. ఇందులో గమనింపవలసిన మాట ఏమనగా, ఆ కాలము నిండగానే న్యాయస్థానానికి వ్రాతపూర్వకముగా దరఖాస్తు చేయవలసిన బాధ్యత జైలు సూపరింటెండెంటుదే. ఈ మేలు పాత విచారణ ఖైదీలకు కూడ చెందుతుందని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది.

చూడండి, తలుపు తెరిచే పని చట్టమే అధికారికి ఇచ్చింది. రిజిస్టరు తిప్పి తేదీలు లెక్కించి ఒక కాగితం వ్రాస్తే చాలును. రాత్రివేళ తాళము తీసినవానిని గురించి పత్రికలు వ్రాస్తాయి. వ్రాయవలసిన కాగితము వ్రాయక ఒక పేదవానిని ఏడాది అదనముగా ఉంచినవానిని గురించి ఎవరూ వ్రాయరు. దేవుని పుస్తకములో మాత్రము ఇద్దరి పేర్లూ ఉంటాయని నా నమ్మకము.

చివరిగా మన సంఘాలకు రెండు మాటలు. మనము పొట్ట చేతబట్టుకొని వలస వచ్చినవారి సంతానము. ఈనాడు మన పిల్లలలో కొందరు ప్రభుత్వోద్యోగాలకు ఎదుగుతున్నారు. వారిని అప్పుడే చుట్టరికముతో కట్టివేస్తాము: మనవాడే కదా నాయనా, ఈ ఒక్కసారి చూచీ చూడనట్లు ఉండు అంటాము. లోపలికి ఒక ఫోను చేరవేయమనడం, ఒక పొట్లము అందించమనడం, ఇవన్నీ ఆ పెద్ద తలుపుకు మొదటి మెట్లు. మన బిడ్డను అడగకూడనిది అడగకుండుట మన దయ.

రెండవది, చట్టబద్ధమైన తలుపు తట్టే ఓపిక మనకు కావలెను. నిర్బంధములో ఉన్న ప్రతివానికీ ఉచిత న్యాయ సహాయము పొందే హక్కు 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టములో ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు ఒక అర్జీ వ్రాసిపెట్టడానికి చదువు వచ్చిన ఒక్క మనిషి చాలును. మన చుట్టూ ఇటుక బట్టీలలో దూరదేశాల నుండి వచ్చి పనిచేసేవారు ఉన్నారు. వారిలో ఒకడు చిన్న కేసులో చిక్కితే జామీను నిలిచేవాడు ఉండడు, భాష రాదు. ఒకప్పుడు మన తాతలు కూడ ఈ ఊళ్ళలో అట్లే భాష రాక నిలువబడ్డారు. చెరసాలలో ఉన్నవానిని చూడ వెళ్ళినవారిని ప్రభువు తన కుడిప్రక్కన నిలిపాడు. వెళ్ళినవారు తాళము పగులగొట్టలేదు. వెళ్ళారు, చూశారు, అంతే. ఆ పని మన చేతిలో ఉంది.

ప్రభువు మీకు తోడైయుండునుగాక. ఆమేన్.

— సంఘ పెద్ద, వెంగల్