వంశమేనా అంతా?

తాండూరు బస్టాండులో కాసేపు నిలబడితే వయసు లెక్కలు తప్పుతాయి. డెబ్బై దాటిన ఒకాయన సంచీ భుజాన వేసుకుని చకచకా బస్సెక్కేస్తాడు. అరవై నిండని ఒకామె రెండు చేతులా కమ్మీ పట్టుకుని, ఒక కాలు మెట్టు మీద పెట్టి, రెండోది లేవక ఆగిపోతుంది. 2023 డిసెంబర్ నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు బస్సు టికెట్ లేదు గానీ, మెట్టు ఎత్తు తగ్గలేదు.

ఎందుకీ తేడా అంటే, "వాళ్ల వంశమే అంత, గట్టి పాణాలు" అంటారు. పూర్తిగా తప్పు కాదు. కవలల మీద జరిగిన పరిశోధనలు కూడా జన్యువులకు వాటా ఇచ్చాయి, సగానికి లోపే అయినా. అదీ ఏ ఒక్క జన్యువు పనో కాదు. వయసుతో వచ్చే ఈ నీరసాన్ని డాక్టర్లు ఫ్రెయిల్టీ అంటారు. 2001లో లిండా ఫ్రీడ్ బృందం దానికి ఐదు గుర్తులు చెప్పింది: కారణం లేకుండా బరువు తగ్గడం, ఊరికే అలసట, పిడికిలి పట్టు సడలడం, నడక మందగించడం, కదలడం తగ్గడం. మూడు కనిపిస్తే చాలు.

లోపల జరిగేది కండల కథ. తిన్న అన్నంలోని చక్కెరను ఎక్కువగా పీల్చుకునేది కండే. అది కరిగితే షుగర్ పెరుగుతుంది. షుగర్ ముదిరితే కండ ఇంకా కరుగుతుంది. అందుకే మందుబిళ్లతోనే పని అయిపోదు.

మళ్లీ వంశం మాటకొస్తే, హైదరాబాద్ చుట్టుపక్కల కొన్ని ఊళ్లలో 1987-90 మధ్య గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనంగా ఉప్మా పెట్టారు. జాతీయ పోషకాహార సంస్థ ఆ పిల్లలను పదిహేనేళ్ల తర్వాత మళ్లీ చూసింది. పక్క ఊళ్ల పిల్లల కన్నా వీళ్లు కాస్త పొడుగయ్యారు, ఒంట్లో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేసింది. ఆ ఫలితాలు 2008లో అచ్చయ్యాయి. తాండూరు ఉన్న ఈ వికారాబాద్ దిక్కు ఇప్పుడు ముసలితనంలో పడ్డవాళ్లను కన్న తల్లులకు ఆ ఉప్మా ఎవరు పెట్టారు? మనం వంశం అంటున్నదాంట్లో తల్లి పస్తులు కూడా కలిసి ఉన్నాయని నా అనుమానం.

తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. వంద గ్రాముల కందిపప్పులో కండకు కావలసిన ప్రొటీన్ ఇరవై గ్రాములకు పైనే. అయినా ముసలామె కంచంలోకి వచ్చేది పైపై చారే. కోడలిని అనలేం. పళ్లు లేవు, ఆపైన ఆమే "నాకెందుకు బిడ్డా, పిల్లలకు పెట్టు" అంటుంది.

ఇళ్లకొచ్చి బీపీ, షుగర్ అడిగే ఆశా కార్యకర్త, ముసలామెను కుర్చీలోంచి చేతులు ఆనించకుండా ఒకసారి లేవమని కూడా అడగొచ్చు. లేవలేకపోతే, నిన్న పప్పు ఎన్ని గరిటెలు తిన్నదో కోడలి ముందరే అడగాలి.