స్వబుద్ధిపై విశ్వాసము

మతమును విడుచుట యొక పని. విడిచిన పిమ్మట తన బుద్ధిని తాను నమ్ముట మఱియొక పని. మొదటిది యొక్క దినమున జరుగవచ్చును. రెండవదానికి సంవత్సరములు పట్టును. మన సంస్కర్తలు మొదటిదానిని గూర్చి విస్తారముగా వ్రాసిరి. రెండవదానిని గూర్చి వ్రాసినవారు తక్కువ. కావున దానినే యించుక విచారింప నెంచితిమి.

ఇచట మతమనగా దైవభక్తి యని మా తాత్పర్యము కాదు. నాంపల్లి యూసుఫైన్ దర్గాలో మ్రొక్కువారును, ఆబిడ్సు సెయింటు జార్జి చర్చిలో ప్రార్థించువారును, ఇంట తులసికి నీరు పోయువారును తమ బుద్ధి నెవ్వరికిని తాకట్టు పెట్టియుండ నక్కఱలేదు. మనుష్యుని తిండి, బట్ట, చదువు, వివాహము, స్నేహము సర్వమును తానే నిర్ణయించి, సందేహము పుట్టినచో నా సందేహమునకే పాపమని పేరు పెట్టు కట్టుబాటును గూర్చి మేము చెప్పుచున్నాము. అది కులాచారమైనను, పీఠమైనను, సంఘమైనను, నిన్నమొన్న వెలసిన గురువుగారి యాశ్రమమైనను ఫల మొక్కటే. అది విధించు నిషేధములు చిన్న హాని. “నీకు తోచినది నమ్మదగినది కాదు” అని పసితనమునుండి నేర్పుట పెద్ద హాని.

గానుగనుండి విప్పిన యెద్దు బయలునందును గుండ్రముగనే తిరుగును. అట్లే బయటికి వచ్చినవాడు ఉద్యోగము నెన్నుకొనవలసినప్పుడు నలుగురి మొగములు చూచును. బిడ్డకు జ్వరము తగిలినచో, విడిచివచ్చినందులకే తగిలినదేమో యని నడిరేయి నులికిపడును. ఇది పిఱికితనమని నవ్వుట యన్యాయము. నడువనీయక పెంచిన కాళ్లకు బలము లేకుండుట కాళ్ల దోషమా?

నాంపల్లి స్టేషను రోడ్డున, ఆబిడ్సు చేరువ, “గోల్డెన్ థ్రెషోల్డ్” అను ఇల్లు కలదు. హైదరాబాదు కళాశాలను నెలకొల్పిన అఘోరనాథ చట్టోపాధ్యాయులవారి నివాసమది. 1905లో వెలువడిన సరోజినీదేవి కవితాసంపుటి పేరే దానికి నిలిచినది. 1974లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయము మొదట నచటనే యారంభమైనది. ఆ యింటి బ్రాహ్మణ కన్య సరోజిని, అన్యకులజులైన గోవిందరాజులు నాయుడుగారిని 1898లో చెన్నపట్టణమున వివాహమాడెను. ఆ వివాహమును జరిపించినవారు మన వీరేశలింగము పంతులుగారు. 1872వ సంవత్సరపు చట్టము ననుసరించి యది జరిగినది.

ఆ చట్టమున నొక విశేషము కలదు. దాని క్రింద పెండ్లాడువారు తాము హిందువులము కాము, మహమ్మదీయులము కాము, క్రైస్తవులము కాము అని యిట్లు వరుసగా ప్రమాణము చేయవలసియుండెను. 1954లో క్రొత్త వివాహచట్టము వచ్చువఱకు నది పూర్తిగా తొలగలేదు. నీ వేమి కావో చెప్పుమని చట్ట మడిగెను. నీ వేమియో యడుగలేదు. విడిచివచ్చినవారి తొలిదశయు సరిగా నిట్లే యుండును. “నేను అది కాను” అను మాట వారికి నోట నాడును. “నేను ఇది” అను మాట రాదు. “కాను” అనుటతో తలుపు తెఱచుకొనును గాని, గడప మీద కాపుర ముండ వీలుకాదు.

మఱి కాపుర మెట్లు కుదురును? పనిచేతనే కుదురును. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున పంతులుగారు తొలి వితంతువివాహమును జరిపించినప్పుడు ఊరు వెలివేసెను. వంటవారును, నీరు మోయువారును మానుకొనిరి. రాజ్యలక్ష్మమ్మగారు గోదావరికి పోయి బిందెతో నీరు తెచ్చి స్వయముగా వంట చేసిరి. తమ చేతి వంటతోనే యిల్లు నడచుచున్నదని కన్నులార చూచినవారికి వెలిభయము నిలుచునా?

గోపరాజు రామచంద్రరావుగారి చరిత్రయు నట్టిదే. యజ్ఞోపవీతము విసర్జించుటచే వారి కింటి నీడ పోయెను. నాస్తికుడనుటచే 1933లో కాకినాడ కళాశాలలోని యధ్యాపకపదవి పోయెను. 1940లో కృష్ణాజిల్లా ముదునూరున వారు నాస్తికకేంద్రమును స్థాపించిరి. 1947లో నది విజయవాడకు మాఱెను. అన్నికులములవారితో పంక్తిభోజనములు జరిపిరి. భార్య సరస్వతిగారు గర్భవతిగా నుండి సూర్యగ్రహణమును చూచిరి. బిడ్డకు హాని కలుగలేదు. ఆ దంపతుల నాస్తికత్వమును పాఠకు లంగీకరింప నక్కఱలేదు. వారు భయమును పరీక్షించిన రీతిని గమనించిన చాలును.

ఈ రీతి మన శాస్త్రములకు క్రొత్త కాదు. దూరమున నీరు కనబడినప్పుడు అది నీరో, ఎండమావియో యెట్లు తెలియును? పోయి త్రాగుము, దప్పి తీఱినచో జ్ఞానము సత్యమని నైయాయికులు చెప్పుదురు. జ్ఞానము స్వతః ప్రమాణము, దోషము కనబడువఱకు దానిని నమ్మవలయునని మీమాంసకు లందురు. వేదప్రామాణ్యమును నిలుపుటకే వారీ వాదము చేసినను, దానిలోని యుక్తి యందఱిదియును. ఒక జ్ఞానమునకు మఱియొక జ్ఞానము సాక్ష్యము కావలెనన్నచో, ఆ సాక్ష్యమునకు వేఱొక సాక్ష్యము కావలెను. దాని కంతము లేదు. “నీ బుద్ధిని నమ్మకుము, నన్ను నమ్ముము” అను గురువును శిష్యుడు ఏ బుద్ధితో నెన్నుకొనెను? తన బుద్ధితోనే కదా! అది గురువు నెన్నుకొనుటకు చాలి, విడుచుటకు చాలదనుట యేమి న్యాయము?

ఇరువదియేండ్లు మోసపోయిన బుద్ధిని మరల నమ్ముటెట్లని వా రడుగవచ్చును. ఈ ప్రశ్నయందు బాధ కలదు. కాని మోసమును కనిపెట్టినదియు నా బుద్ధియే. ఇరువదియేండ్లును అది లోలోపల గొణుగుచునే యుండెను. పాపమని దాని నోరు మూయించిరి. నిజము పలికిన సాక్షిని కొట్టి, ఆ పిమ్మట సాక్షి మాటలాడలేదని నిందింపరాదు.

అట్లని తోచినదెల్ల చేయుట స్వబుద్ధి కాదు. పెద్దల సలహా వినవలయును. సలహాకు, ఆజ్ఞకు గుర్తు సులభము: సలహాను త్రోసివేసిన తరువాతను చెప్పినవాడు మనతో మునుపటివలెనే మాటలాడును. ఆజ్ఞ నిచ్చినవాడు వాకిలి మూయును. ఈ గుర్తు తెలియక, ఒక పీఠమును విడిచినవారు క్రొత్త గురువునో, రాజకీయపక్షమునో యాశ్రయించి మరల శిరస్సు వంచుట మేము పెక్కుమాఱులు చూచితిమి. చిన్నవి మొదలుకొని తామే నిర్ణయించి, ఫలము చూచి, దిద్దుకొనువారికి ఈ యాపద తక్కువ. పుస్తక మొకటి, స్నేహ మొకటి, జీతమున మిగిలిన పదిరూపాయల వ్యయ మొకటి: ఇవియే తొలిమెట్లు.

చట్టము చేయదగినది కొంత చేసినది. మతము విడిచినను, వెలిబడినను ఆస్తిహక్కు పోదని 1850లోనే శాసనము చేసిరి. 1950 నుండి రాజ్యాంగము అంతఃకరణస్వాతంత్ర్యమును హక్కుగా నొసగినది. కాని శాసనము ఆస్తిని నిలుపగలదు గాని పండుగనాడు పిలిచి విస్తరి వేయలేదు. అది మన పని. విడిచివచ్చినవానిని “ఇప్పుడు నీ వేమి?” అని తొందరపెట్టవలదు. మన పక్షమునకు లాగుకొనవలదు. పని చూపి, భోజనమునకు పిలిచి, అతడు తప్పటడుగు వేసినను “మేము ముందే చెప్పితిమి” అనకుండుట యాతనికి మనము చేయదగిన యుపకారము. అతని బుద్ధి అతనికి దక్కుటకు కావలసిన కాలమును మనము దోచుకొనకున్న చాలును.