మానవవాదినని అనగలనా?

మానవవాదానికి నిర్వచనాలకేం కొదవ లేదు. ఎం.ఎన్. రాయ్ 1946లో దాన్ని 22 సూత్రాలుగా రాశారు. రాజకీయ పార్టీ దానికి అడ్డమనిపించి, 1948లో తన పార్టీనే రద్దు చేశారు. 1952లో ఆమ్‌స్టర్‌డామ్‌లో కూడిన మానవవాదులు ఒక ప్రకటన చేశారు. తర్వాతివాళ్లు దాన్ని 2002లో, మళ్లీ 2022లో తిరగరాశారు. చదువుతుంటే ఏదీ కాదనబుద్ధి కాదు. అయినా ‘నేను మానవవాదిని’ అనబోతే నోరు రాదు.

నన్ను ఆపేది గోరా ఇంటి పెళ్లి. కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టిన ఆయన, పెద్దకూతురు మనోరమకు దళిత యువకుడితో పెళ్లి తలపెట్టారు. సేవాగ్రాంలో తానే జరిపిస్తానన్నారు గాంధీ. దేవుడి పేరు పలకడం గోరాకు సమ్మతం కాదు. ఆ చోట సత్యం అనడానికి గాంధీ ఒప్పుకున్నారు, రామనామం విడవని గాంధీ! ఆయన హత్య తర్వాత, 1948లో, పెళ్లి అక్కడే జరిగింది.

దేవుణ్ణి కాదనడమే మానవవాదమైతే గాంధీకి అందులో చోటు లేదు. నమ్మకం ఏదైనా మనసు మంచిదైతే చాలంటారా, నాస్తికత్వం కోసం కాలేజీ ఉద్యోగాన్నే పోగొట్టుకున్న గోరా ఊరికే కష్టపడ్డట్టవుతుంది. ఆ ఇద్దరూ ఇమిడే నిర్వచనం నాకింకా దొరకలేదు.

అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి. జనన నమోదు దరఖాస్తులో ‘కులం లేదు, మతం లేదు’ అని రాసుకునే వీలుండాలని 2023లో తెలంగాణ హైకోర్టు చెప్పింది. ఆ వార్తకు ఎంత పొంగిపోయానో! నాతో పనిచేసే దళిత మిత్రుడు మాత్రం నెమ్మదిగా అన్నాడు: “కులం లేదని రాస్తే మీకు పోయేదేం లేదు సార్. మావాడికి సీటు పోతుంది. అద్దెకి ఇల్లడిగితే ఓనరు ఆ కాగితం చూసి ఊరుకుంటాడా?”

కులం వల్ల అడక్కుండానే నాకు అమరినవి చాలా ఉన్నాయి. వాటిలో దేన్ని వదులుకున్నానో చెప్పలేనప్పుడు, మానవవాది అన్న పేరు పెట్టుకునే హక్కు నాకెక్కడిది?

మా అన్నయ్య కూతురికి సంబంధాలు చూస్తున్నారు. బయోడేటాలో కులం, గోత్రం తీసేయమని ఇంట్లో గట్టిగానే వాదిస్తున్నాను. అమ్మాయి నా వైపే. అన్నయ్య ఏమీ అనడం లేదు, వదిన ఇంకా ఒప్పుకోవడం లేదు.