కడుపులో పెట్టుకొనుట, మనసులో పెట్టుకొనుట

పరుల తప్పును గూర్చి మన తెలుగున రెండు నుడులు గలవు. తల్లి బిడ్డ తప్పును కడుపులో పెట్టుకొనును. అలిగినవాడు దానినే మనసులో పెట్టుకొనును. మొదటిది క్షమ, రెండవది కక్ష. బయటికి రెండును మౌనముగనే కనబడును. మన కుటుంబములలో రెండవదానికి మొదటిదాని పేరు పెట్టి గౌరవించుచున్నాము. ఇది యసత్యమని మా యభిప్రాయము.

కృష్ణామండలమున భూవసతిగల కుటుంబముల సంగతి విచారింతము. అన్న సేద్యమున నిలుచును. తమ్ముడు ఉమ్మడి సొమ్ముతో బందరులోనో చెన్నపట్టణములోనో చదివి యుద్యోగస్థుడగును. చదువునకు ఉమ్మడి ధనము వ్యయమైనంతమాత్రమున అట్టివాని యార్జనము ఉమ్మడిసొత్తు కాజాలదని 1930 నాటి శాసనము నిర్ణయించినది. శాసనము సొత్తుసంగతి తేల్చినదేకాని, ఎండలో నిలిచిన యన్న మనసులోని మాటను తేల్చలేదు. అతడు పండుగలకు తమ్ముని నాదరించును, వియ్యాలవారి యెదుట పొగడును, ఏండ్లతరబడి నోరు మెదపడు. తుదకు గట్టుతగవో, పెండ్లిలో జరిగిన చిన్న మర్యాదలోపమో నిమిత్తమై విభాగవ్యాజ్యము పుట్టును. వకీళ్లమైన మేము దావాలో ఎకరములను, నగలను వ్రాయుదుము. అసలు కారణము వ్రాయుటకు అందు స్థలము లేదు.

ఈ యన్నను ఏసుక్రీస్తు ఏనాడో చిత్రించెను. లూకా సువార్తలోని తప్పిపోయిన కుమారుని కథలో తిరిగివచ్చిన తమ్ముని గూర్చియే జనులు ముచ్చటింతురు. పొలమునుండి వచ్చి, విందు సందడి విని, లోనికి రాక నిలిచిన యన్నను మఱతురు. అతడు తన యేండ్ల చాకిరిని తండ్రితోనే చెప్పి వాపోయెను. తండ్రి కసరలేదు, తానే వెలుపలికి వచ్చి బ్రతిమాలెను. నవ్వుచు పంక్తిలో కూర్చుండి లోలోన కుములుటకంటె ఆ యలుకయే సత్యమునకు సమీపము.

మత్తయి సువార్తలో రెండు విధులు గలవు. అయిదవ అధ్యాయమున ఆరాధనకంటె ముందు, తమవలన నొచ్చిన సోదరునితో సమాధానపడవలెనని విధి. పదునెనిమిదవ అధ్యాయమున నొచ్చినవాడు తప్పుచేసినవానితో ఒంటరిగా మాటలాడవలెనని విధి. కాబట్టి ఇరువురును బయలుదేరవలసినదే. ముందు వాడు రావలెనను వాదమునకు తావు లేదు. ఊరందఱితో చెప్పి ఆ మనుష్యునితో మాత్రము చెప్పకుండుట నిజాయితీ కాదు. నీవు కృతఘ్నుడవని నిందించుటయు కాదు. ఈ సంగతి నాకు నొప్పి కలిగించినదని చెప్పుటయే నిజాయితీ.

అత్తయెదుట కోడలును, తండ్రియెదుట కొడుకును నోరు తెఱువజాలరందురు. నిజమే. కావుననే కథలోని తండ్రివలె పెద్దలే వెలుపలికి రావలెను. వినుటకు భయములేని చోటు కల్పించుట బలవంతుని ధర్మము.

ఏసు నీతిబోధలను 1820లో ప్రత్యేకముగ కూర్చి ప్రకటించిన రామమోహనరాయల మార్గమున నడచువారమైన మనకు బలిపీఠము లేదు. ప్రార్థనయే మన నైవేద్యము. 1855లో బెజవాడ ఆనకట్ట ముగిసినది మొదలు, వేసవిలో కాలువ కట్టివేసి పూడిక తీయనిచో చివరి పొలమునకు నీరందదని డెల్టా రైతెఱుగును. రాబోవు ప్రార్థనకు ముందు తా మెవరి యింటికి పోవలసియున్నదో ప్రతివారును నిర్ణయించుకొందురుగాక.